పెరట్లో కట్టెల పిజ్జా ఓవెన్: పునాది నుంచి మొదటి మంట దాకా

పిజ్జా ఓవెన్ కట్టాలనుకునేవాళ్ల ధ్యాసంతా గుమ్మటం మీదే ఉంటుంది. ఇటుకలు ఒకదానికొకటి ఆనుకుని గాల్లో ఎలా నిలబడతాయా అని టెన్షన్ పడతారు. నిజానికి గుమ్మటం అంత కష్టమేమీ కాదు. ఓవెన్ పనికొచ్చేదీ పనికిరానిదీ తేల్చేవి రెండే: వేడి కిందికీ బయటికీ జారిపోకుండా ఆపడం, ఇటుకల్లోని తడిని తొందరపడకుండా ఆరబెట్టడం. ఖర్చు తగ్గించాలనుకుంటే పైపూతలోనో టైల్స్‌లోనో తగ్గించుకోండి, ఈ రెంటి జోలికి మాత్రం వెళ్లకండి.

ఇక్కడ చెప్పబోయే నమూనాని ప్రపంచమంతా పాంపేయి ఓవెన్ అంటుంది. క్రీస్తుశకం 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేయి ఊరి బేకరీల్లో ఇలాంటి ఇటుక గుమ్మటాల ఓవెన్లే బయటపడ్డాయి. నేపుల్స్ పిజ్జా ఇప్పటికీ ఈ తరహా ఓవెన్‌లోనే కాలుతుంది: నేల 430 డిగ్రీలు, గుమ్మటం అంతకంటే ఎక్కువ, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటికి. ఇంట్లో కరెంటు ఓవెన్ 250 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ పొంగిన అంచు, ఆ కాలిన మచ్చలు అందులో రావు.

ఎంత పెద్దది, ఎక్కడ

లోపలి వ్యాసం 36 అంగుళాలు పెట్టుకోండి. ఒకేసారి రెండు పిజ్జాలు పడతాయి, పక్కన మంటకి చోటుంటుంది. ఇంకా పెద్దదైతే ప్రతిసారీ కట్టెలు ఎక్కువ తినేస్తుంది, వేడెక్కడానికి టైమూ ఎక్కువ పడుతుంది. లోపలి ఎత్తు 18 అంగుళాలు, అంటే సరిగ్గా అర్ధగోళం. తలుపు వెడల్పు 18 అంగుళాలు. తలుపు ఎత్తు మాత్రం ఇష్టమొచ్చినట్టు పెట్టడానికి లేదు. గుమ్మటం లోపలి ఎత్తులో 63 శాతం ఉండాలన్నది ఓవెన్లు కట్టేవాళ్లు పాటించే లెక్క. 18 అంగుళాల ఎత్తుకి తలుపు 11 అంగుళాల పైచిలుకు వస్తుంది. తలుపు కింది సగంలోంచి చల్లగాలి లోపలికి వెళ్తుంది, పై సగంలోంచి పొగ బయటికొస్తుంది. ఎత్తు ఎక్కువైతే వేడంతా పొగతో పాటే పోతుంది. మరీ తక్కువైతే మంటకి గాలాడక పొగ చుట్టేస్తుంది.

గోడ మందం, పైన ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర), పూత, ముందు గుమ్మం అన్నీ కలిపితే కింద స్లాబు 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు కావాలి. మొత్తం బరువు రెండు టన్నులు దాటుతుంది. డాబా మీద కడదామని చాలామంది అడుగుతుంటారు. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి సరేనంటే తప్ప ఆ ఆలోచన వద్దు.

వాస్తు ప్రకారం ఆగ్నేయ మూలే కావాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, అభ్యంతరమేమీ లేదు. దాంతోపాటు గాలి ఎటు వీస్తుందో కూడా చూడండి. సాయంత్రాలు పక్కింటి కిటికీలోకి పొగ వెళ్తే ఓవెన్ కన్నా తగాదా ముందు వేడెక్కుతుంది. తాటాకు పందిళ్లకీ, కొబ్బరి మట్టలకీ, బట్టలారేసే తీగలకీ కనీసం 10 అడుగుల దూరం ఉంచండి.

కట్టే కాలం సంక్రాంతి నుంచి మార్చి దాకా బాగుంటుంది. మే ఎండల్లో మాల్ (ఇటుకల్ని అతికించే ముద్ద) గట్టిపడకముందే ఎండిపోయి పొడిబారుతుంది. వానాకాలంలో అసలు ఆరదు.

సామాను

ఫైర్ బ్రిక్స్ (మంటని తట్టుకునే ఇటుకలు) 160 తెప్పించండి. మన దగ్గర దొరికే సైజు 9 × 4.5 × 3 అంగుళాలు, ఒక్కోటి నాలుగు కేజీల దాకా తూగుతుంది. అల్యూమినా 30 నుంచి 40 శాతం ఉన్న మామూలు రకం సరిపోతుంది, ఫర్నేసులకి వాడే ఖరీదైనవి అక్కర్లేదు. బాయిలర్లకీ ఫౌండ్రీలకీ సామాను అమ్మే షాపుల్లో అడగండి. హైదరాబాద్ వైపువాళ్లు సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి మొదలుపెట్టొచ్చు. అదే షాపులో తేలికగా, తెల్లగా, గోరుతో గీస్తే పొడి రాలే ఇటుకలు కూడా ఉంటాయి. అవి ఇన్సులేషన్ ఇటుకలు. వాటిని నేలకి వేస్తే నెల తిరక్కుండా అరిగిపోతాయి.

ఎర్ర ఇటుకతో కట్టొచ్చా? బాగా కాలిన, గణగణమని మోగే ఇటుకైతే గుమ్మటానికి కొన్నేళ్లు నడుస్తుంది, అప్పుడప్పుడూ పెచ్చులు రాలుతుంది. నేలకి మాత్రం వద్దు. అంతకన్నా ముఖ్యమైన మాట: నునుపుగా ఉంది కదా అని కడప బండ గానీ గ్రానైట్ గానీ ఓవెన్ నేలగా వేయకండి. కడప బండ సున్నపురాయి. 400 డిగ్రీల దగ్గర రెండూ పగుళ్లిచ్చి పెచ్చులుగా లేస్తాయి.

ఇవి కాక పెర్లైట్ (గాలి నిండిన తేలికైన తెల్ల గింజలు, మిద్దె తోటల సామాను అమ్మే నర్సరీల్లో బస్తాల లెక్కన దొరుకుతుంది), 25 మిల్లీమీటర్ల సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్ (వేడిని ఆపే దుప్పటి లాంటిది) రెండు రోల్స్, ఫైర్ క్లే (మంటని తట్టుకునే బంకమట్టి పొడి), సున్నం పొడి, సిమెంటు, సన్న ఇసుక, చికెన్ మెష్, 6 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం కావాలి. గొట్టం జీఐ అయితే పైనున్న జింకు పూత వేడికి కాలి విషపు పొగ వస్తుంది, కాబట్టి అది వద్దు. ఇటుకలు కోయడానికి డైమండ్ బ్లేడున్న గ్రైండర్, దుమ్ముకి మంచి మాస్కు, చేతులకి గ్లోవ్స్. ఇటుక దుమ్మూ సిరామిక్ ఫైబరూ రెండూ ఊపిరితిత్తులకి చేటు చేసేవే, ముక్కుకి రుమాలు కట్టుకుంటే చాలదు.

పునాది, దిమ్మె

ఈ భాగం ఏ మేస్త్రీకైనా వచ్చిన పనే. అడుగు లోతు తవ్వి, కంకర వేసి దిమ్మిస కొట్టి, 5 అంగుళాల కాంక్రీటు స్లాబు వేయాలి. 10 ఎంఎం రాడ్లు 8 అంగుళాలకొకటి రెండు వైపులా. నల్లరేగడి నేలైతే మాత్రం ఆగండి. అది వానకి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది, దాని మీద ఎంత మందం స్లాబు వేసినా ఓవెన్ ఒరుగుతుంది. రెండు మూడు అడుగులు తవ్వి ఆ మట్టంతా తీసేసి మొరం నింపి, పొరపొరగా తడిపి గట్టిపరచాకే కాంక్రీటు వేయాలి.

స్లాబు వారం రోజులు తడిశాక 8 అంగుళాల సిమెంటు బ్లాకులతో మూడు వైపులా గోడ, నాలుగు వరసలు. ముందు వైపు తెరిచి ఉంచితే కట్టెలు దాచుకోవచ్చు. ఆ పైన సెంట్రింగ్ కొట్టి 4 అంగుళాల స్లాబు. ఇక్కడ కడప బండ పనికొస్తుంది: సెంట్రింగ్ రేకు బదులు బండలు పరిచి, కింద ముట్లు పెట్టి, వాటి మీదే కాంక్రీటు పోస్తే బండలు అలాగే ఉండిపోతాయి. పోసేముందు మధ్యలో రెండు మూడు చోట్ల సన్న పైపు ముక్కలు నిలబెట్టండి. తర్వాత తడి ఆ రంధ్రాల్లోంచి దిగిపోతుంది.

ఇవన్నీ అయ్యాక ఓవెన్ నేల దాదాపు 43 అంగుళాల ఎత్తున వస్తుంది. ఇంట్లో వంట చేసేవాళ్లని నిలబెట్టి మోచేతికి కాస్త కిందుగా ఉందో లేదో చూసుకుని బ్లాకుల ఎత్తు సర్దుకోండి. వంగి వంగి లోపలికి చూడాల్సి వస్తే నాలుగో పిజ్జాకే నడుం పట్టేస్తుంది.

నేల కింద ఇన్సులేషన్

స్లాబు మీద నేరుగా ఫైర్ బ్రిక్ పరిస్తే ఏమవుతుంది? రెండు గంటలు మంట పెట్టినా గుమ్మటం ఎర్రగా కాగుతుంది గానీ నేల 250 దాటదు. వేడంతా కింది కాంక్రీటు తాగేస్తూ ఉంటుంది. పిజ్జా పైన మాడి, అడుగున పచ్చిగా వస్తుంది. ఇటుకలన్నీ ఊడదీస్తే తప్ప తర్వాత సరిచేయడం కుదరదు.

ఐదు పాళ్ల పెర్లైట్‌కి ఒక పాలు సిమెంటు, కొలత డబ్బాతో, తూకంతో కాదు. ముందు పెర్లైట్‌ని కొద్దిగా తడపాలి, తర్వాత సిమెంటు చల్లి చేత్తో నెమ్మదిగా కలపాలి. పార పెట్టి గట్టిగా తిప్పితే గింజలు నలిగి పొడైపోతాయి, వాటిలోని గాలే మనకి కావలసింది. పిడికిట్లో పట్టి నొక్కితే ఉండ కట్టాలి, నీళ్లు కారకూడదు. దీన్ని 4 అంగుళాల మందాన పరిచి తాపీతో మెల్లగా సర్దండి, కొట్టకండి. మొదటి రెండు మూడు రోజులు మరమరాలు అంటించినట్టు పెళుసుగా కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, వారంలో గట్టిపడుతుంది. ఖర్చు పెట్టగలిగితే దీని బదులు 50 మిల్లీమీటర్ల కాల్షియం సిలికేట్ బోర్డు వేసుకోవచ్చు, కలిపి ఆరబెట్టే పని ఉండదు.

నేల ఇటుకలు

ఫైర్ క్లే, సన్న ఇసుక సమానంగా పొడిగానే కలిపి అర అంగుళం లోపు పరిచి పట్టీతో చదును చేయండి. ఇటుకలు దాని మీద పడుకోబెట్టాలి. మధ్యలో మాల్ వద్దు. వేడికి సాగే ఇటుకకి కదలడానికి చోటుండాలి, రేపు ఒక ఇటుక పగిలితే అదొక్కటే తీసి మార్చుకోవాలి. వరసలు తలుపుకి సమాంతరంగా కాకుండా ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డదిడ్డంగా కలిసేలా పరిస్తే పిజ్జాని లోపలికి తోసే పార ఇటుక అంచులకి తగలదు. ప్రతి ఇటుక పెట్టాక అరచేత్తో అంచు మీదుగా నిమరండి. వేలికి మెట్టు తగిలితే పారకి తగిలినట్టే, ఇటుక తిప్పి చూడండి, లేదా వేరేది వేయండి.

నేలని 36 అంగుళాల వృత్తంగా కోసి, దాని చుట్టూ అదే మట్టానికి గోడ కోసం సగం ఇటుకల వలయం పరవండి. మధ్యలో పావు అంగుళం సందు వదిలి బూడిదతో నింపితే చాలు. నేల గుమ్మటం కిందికి పోకూడదు, పోతే మార్చడం కుదరదు.

నేపుల్స్‌లో ఈ నేలకి దగ్గర్లోని సొరెంటో ఊరి మట్టి పలకలు వాడతారు. ఫైర్ బ్రిక్ కన్నా అవి వేడిని నిదానంగా వదులుతాయి, అందుకే అక్కడ నేల ఎంత కాగినా పిజ్జా అడుగు మాడదు. మన ఇటుకతో అయితే నేలని 380 నుంచి 420 మధ్య ఉంచుకుంటే సరి.

గుమ్మటం

మాల్ పాళ్లు ఇవి: ఇసుక 3, సిమెంటు 1, సున్నం పొడి 1, ఫైర్ క్లే 1. ఉత్త సిమెంటు మాల్ 300 డిగ్రీలు దాటాక పట్టు కోల్పోతుంది. ఇందులో సిమెంటు మొదట్లో నిలబెట్టడానికే, తర్వాత భారం సున్నమూ ఫైర్ క్లే మోస్తాయి. రెడీమేడ్ రిఫ్రాక్టరీ (మంటని తట్టుకునే) మాల్ దొరికితే ఇంకా మంచిది. ఒకేసారి గంపెడు కలపకండి, అరగంటలో వాడేంతే.

ఒక చిన్న సాధనం చేయించుకోండి. నేల మధ్యలో ప్లైవుడ్ ముక్క, దానికి అన్ని వైపులా తిరిగేలా బిగించిన రాడ్డు, కొసన చిన్న ఎల్ ఆకారపు పట్టీ. నేల మట్టం నుంచి పట్టీ దాకా సరిగ్గా 18 అంగుళాలు. ప్రతి ఇటుకా ఈ పట్టీలో కూర్చోవాలి. దూరమూ వాలూ రెండూ అదే చెబుతుంది, తూకం గుండుతో పనే లేదు. గుమ్మటాలు కట్టని మేస్త్రీకి కూడా ఇది పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఇది కుదరకపోతే తడి ఇసుక కుప్పని గుమ్మటంలా చెక్కి, తడి పేపర్లు కప్పి, దాని మీద కట్టి, తర్వాత తలుపులోంచి ఇసుక తోడేయొచ్చు. కాకపోతే కట్టేటప్పుడు లోపలి అతుకులు కనిపించవు.

ఇటుకల్ని సగానికి కోయండి. కోసిన వైపు బయటికి, నునుపు వైపు లోపలికి. మాల్ పెట్టేముందు నిమిషం పాటు నీళ్లలో ముంచాలి, లేకపోతే పొడి ఇటుక మాల్‌లోని నీళ్లన్నీ పీల్చేసి అతుకు పొడిపొడిగా మిగులుతుంది. మొదటి వరసలో తలుపు ఖాళీ వదిలితే 21 ముక్కల దాకా పడతాయి. లోపలి వైపు ఇటుకలు ఒకదానికొకటి దాదాపు తాకుతూ ఉండాలి, వెనక వైపు సందు వెడల్పుగా తెరుచుకుంటుంది. ఆ సందులో మాల్‌తో పాటు ఇటుక పెంకులు దూర్చండి. ఉత్త మాల్ దట్టంగా ఉన్నచోటే ముందు పగులుతుంది. మంటకి ఎదురుగా ఉండాల్సింది ఇటుకే.

నిలువు అతుకులు ఒకదాని మీద ఒకటి రాకూడదు. పైకి వెళ్లేకొద్దీ ముక్కలు తగ్గుతాయి కాబట్టి ఎక్కడో ఒకచోట కలుస్తాయి, అక్కడ ఒక ముక్కని సన్నగా కోసి దాటించాలి. ఐదో వరస నుంచి ఇటుకలు జారతాయి. ప్రతిదాన్నీ రెండు మూడు నిమిషాలు చేత్తో పట్టుకుని నిలబెట్టాలి, లేదా వెనక నుంచి తాడుకి బరువు కట్టి వేలాడదీయాలి. వరస మొత్తం కలిసిందంటే ఇక ఎక్కడికీ పోదు, ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడతాయి. అందుకే పని ఆపేది వరస పూర్తయ్యాకే, మధ్యలో భోజనానికి లేవకండి. మొత్తం తొమ్మిది వరసలు వస్తాయి, చివర మిగిలిన గుండ్రటి ఖాళీకి కింద నుంచి పలక ఆనించి, ముక్కలు కొలతకి కోసి బిగించాలి.

కష్టమైన చోటల్లా తలుపు కమాను గుమ్మటాన్ని కలిసే దగ్గరే. ప్లైవుడ్ అచ్చు పెట్టి కమాను ముందే కట్టేసి, గుమ్మటం వరసల్ని దానికి ఆనేలా ఒక్కో ఇటుకా కొలిచి కోసుకుంటూ రావాలి. ఇక్కడ ఒక పూట ఎక్కువ పడితే పడనివ్వండి.

ఏ రోజుకారోజు తలుపులోంచి తల దూర్చి, తడి స్పాంజితో లోపలి అతుకులు తుడవాలి. మర్నాటికి గట్టిపడిపోతాయి. పని ముగిశాక తడి గోనె సంచులు కప్పి వారం రోజులు చెమ్మ ఆరకుండా చూడండి.

పొగగొట్టం

గొట్టం గుమ్మటం మీద కాదు, తలుపు బయట గుమ్మం మీద. తలుపు ముందు రెండు చిన్న గోడలు, వాటి మీద ఇంకో కమాను, దానికి పైన రంధ్రం, అందులో 6 అంగుళాల గొట్టం 3 అడుగుల ఎత్తు, పైన వాన టోపీ. గుమ్మటానికీ ఈ బయటి కమానుకీ మధ్య అర అంగుళం సందు వదిలి సిరామిక్ ఫైబర్ తాడు దూర్చండి. గుమ్మటం సాగినంతగా బయటి కమాను సాగదు. రెంటినీ కలిపి కడితే రెండో మంటకే ముందు వైపు నిలువుగా చీలుతుంది.

ఆరబెట్టడం

అందరికీ ఓపిక చచ్చేది ఇక్కడే. ఓవెన్ తయారుగా కనిపిస్తుంది, చుట్టాలు అడుగుతుంటారు, ఆదివారం వస్తుంది. కానీ ఇటుకల్లో, మాల్‌లో, కింది పెర్లైట్‌లో బకెట్ల కొద్దీ నీళ్లున్నాయి. ఒకేసారి పెద్ద మంట పెడితే ఆ నీళ్లు ఆవిరై బయటికి దారి లేక ఇటుకని చీల్చుకుని వస్తాయి.

వారం తడి, ఇంకో వారం ఊరికే ఆరనివ్వడం. ఆ తర్వాత రోజుకో మంట, ఒక్కోటి ఐదారు గంటలు. మొదటి రోజు బొగ్గులతో 100 డిగ్రీలు, అంతే. రెండో రోజు 150, తర్వాత 200, 250, 300, ఆరో రోజు 400. పిస్తోలులా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో గుమ్మటం లోపలి పైభాగాన్ని చూడండి, 550 దాకా కొలిచేది కొనాలి. మంట నాలుకలు గుమ్మటాన్ని తాకకూడదు. రెండో మూడో రోజు గుమ్మటం బయటి వైపు చెయ్యి పెడితే చెమట పట్టినట్టు తడి తగులుతుంది, కింది రంధ్రాల్లోంచి బొట్లు పడతాయి. మంచిదే, నీళ్లు పోతున్నాయి. ఆ తడి కనిపిస్తున్నంత కాలం మర్నాడు వేడి పెంచకుండా అదే స్థాయిలో ఇంకో రోజు ఉంచండి. వెంట్రుకంత పగుళ్లు వస్తే పట్టించుకోకండి. ఓవెన్ చల్లారితే మూసుకుపోతాయి.

బయటి ఇన్సులేషన్ దీని తర్వాతే వేయమంటాను. ముందే కప్పేస్తే తడి ఎంత మిగిలిందో కనిపించదు. బ్లాంకెట్ మూడు పొరలు, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా చుట్టి, పైన చికెన్ మెష్ బిగించి కట్టండి. దాని మీద పెర్లైట్ మాల్ అంగుళం, అది ఆరాక సున్నం కలిపిన ప్లాస్టరింగ్. ఆ పైన రంగు మీ ఇష్టం.

కట్టెలు, మంట

సరుగుడు, తుమ్మ, చింత కట్టెలు బాగా నిలిచి కాలతాయి. ఊళ్ల చివర అడవిలా పెరిగే సర్కారు తుమ్మ మంచి వేడినిస్తుంది, ముళ్లతో జాగ్రత్త. ఏ కట్టెయినా కోశాక కనీసం ఆరు నెలలు ఎండి, మణికట్టు లావున చీల్చి ఉండాలి. పచ్చి కట్టె వేడి ఇవ్వదు, పొగే. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క, పాత సామాను ముక్కలు వద్దు. గన్నేరు కొమ్మ ఒక్కటి కూడా వేయకండి, దాని పొగ కూడా విషమే.

మంట మధ్యలో మొదలుపెట్టండి. కాసేపటికి గుమ్మటం లోపల మసితో నల్లగా అవుతుంది. గంట దాటాక ఆ మసి పైనుంచి కిందికి కాలిపోయి ఇటుక మళ్లీ తెల్లబడుతుంది. అది కనిపించాక నిప్పుల్ని ఒక పక్కకి తోసి, ఇత్తడి బ్రష్‌తో నేల ఊడ్చి, పావుగంట ఆగండి. నేల మీద చిటికెడు పిండి చల్లితే రెండు మూడు సెకన్లలో గోధుమరంగు రావాలి. వెంటనే నల్లబడితే ఇంకాసేపు ఆగాలి. ఈ వేడికి పిజ్జా పిండిలో పంచదార వేయకండి, అంచు ఉడికేలోపే మాడుతుంది. పిజ్జా లోపల పెట్టిన అరనిమిషానికి మంట వైపు అంచు పొంగి మచ్చలు పడతాయి, చిన్న పారతో తిప్పుతూ ఉండాలి. ఆ 90 సెకన్లూ ఫోన్ ముట్టుకోకండి.

పిజ్జాలయ్యాక నిప్పులు లాగేసి, తలుపుకి రేకు మూత పెట్టేయండి. మర్నాడు ఉదయం థర్మామీటర్ 200 దరిదాపుల్లో చూపిస్తే ఇన్సులేషన్ సరిగ్గా కుదిరినట్టే. ఆ వేడి ఊరికే పోనివ్వకండి. నిప్పులు తీసిన వెంటనే వంకాయలు పెడితే పచ్చడికి తొక్క ఊడేలా కాలతాయి, మందపాటి గిన్నెలో ఉలవలు పెట్టి మూతేస్తే తెల్లారేసరికి మెత్తగా ఉడికి ఉంటాయి, ఉదయం బ్రెడ్ కాల్చుకోవచ్చు.

వానాకాలం ముందు పైన రేకుల షెడ్డు వేయించండి, టార్పాలిన్ సరిపోదు. ఎంత పూత వేసినా గుమ్మటం చెమ్మ పీలుస్తుంది. నెలా రెండు నెలలు వాడకుండా వదిలేసి మళ్లీ వెలిగించేటప్పుడు 150, 250 చొప్పున రెండు రోజులు చిన్న మంటలు పెట్టి, మూడో రోజే పిజ్జాకి దిగండి.